పీరుకు వేసిన కొలత

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకవాళ్లు కూడా ముందుకి రండమ్మా. ఇది గొంతెత్తి చెప్పుకునే సంగతి కాదు. కన్యాకుమారి చెవిన పడిందంటే రేపటినుంచి ఆవిడ దుకాణంలో మనకి జాకెట్టు గుడ్డ కూడా దొరకదు.

పొద్దుటి టిఫిన్లు ఇంకా అవలేదు. శ్రీకాకుళంలో ఆ బట్టల దుకాణం పైనున్న ఇంట్లో హైమ గోడకి చేరబడి నిలుచుంది. ఫోను చెవికి ఆనించుకునే ఉంది. అవతలి మనిషి పెట్టేసి చాలాసేపయింది.

వంటింటి గుమ్మంలో నిలబడి అత్త కన్యాకుమారి కోడలి ముఖాన్నే చూస్తోంది.

“ఎవరే?”

“కొత్తరేవు నుంచి. అప్పలసూరి.”

“ఏటంతాడు?”

“వాళ్ల ఊరు రావొద్దన్నాడత్తా. నన్నే కాదు, నా పేరు చెప్పుకుని ఇంకెవరూ రావొద్దన్నాడు. పీర్ల చావిడికి తాళం వేసేశారట.”

కన్యాకుమారి చేతిలో ఉన్న ఉప్మా గిన్నె బల్ల మీద పెట్టింది. మూత పెట్టింది. ఆ మూత తీసి, మళ్లీ పెట్టింది.

“వద్దంటే మానీ. మనకేటి, ఆ ఊరేమైనా మన తాతలదా?”

“ఈవేళే వద్దన్నారు. ఈవేళే మేడమ్ గారు వస్తున్నారు. బావ స్టేషన్‌కి వెళ్లాడు, ఆవిడ బండి దిగిపోయుంటారు.”

ఆ మాటకి కన్యాకుమారి, అమ్మయ్య, ఈ పీడ వదిలింది అనుకుంది. అలా అనుకున్నందుకు తనకే ఎక్కడో ముల్లు గుచ్చుకుంది కూడా.

ముల్లు గుచ్చుకోదూ మరి. హైమ ఏమన్నా పరాయి పిల్లా? శృంగవరపుకోటలో ఉన్న సొంత అన్న కూతురు. మేనకోడలని ఏరికోరి కొడుకు ఆనంద్‌కుమార్‌కి చేసుకుంది. భర్త లక్ష్మణరావు పోయాక దుకాణం ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి, ఇంటి తాళాలగుత్తి ఈ పిల్ల చేతిలోనే పెట్టింది. అలాంటి పిల్ల తలుపులేసుకుని గదిలో ఉర్దూ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. ఆ తరవాత ఫార్సీ అంది. సాయంత్రమైతే కంప్యూటర్లో ఎవరో మొహ్సిన్ సాహెబట, ఆయన పాఠం. మధ్యమధ్యలో గదిలోంచి ఎవరో గుండెలు బాదుకుని పాడుతున్న ఏడుపు పాటలు. అడిగితే, “ఇది నా చదువత్తా” అనేది.

ఆ చదువు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, మళ్లీ ఎవరూ మధ్యలో అడగొద్దు. ముసల్మానుల్లో షియాలని ఉన్నారు. కర్బలా యుద్ధంలో దాహంతో ప్రాణం విడిచిన హుస్సేన్ గారి కోసం ఏటేటా మొహర్రంలో శోకం పాటిస్తారు. వాళ్ల గ్రంథాలూ, చరిత్రా, పాటలూ చదివి పరిశోధన చేసేవాళ్లకి హైదరాబాదులో ఒక సంస్థ ఉంది. అక్కడ ఉండి, చదువుకుని, పుస్తకం రాసే అవకాశం ఏడాదికి ఒక్కరికో ఇద్దరికో ఇస్తారు. హైమ అడిగింది వేరే ఎవరూ అడగని సంగతి. కొత్తరేవు బెస్తవాళ్లు హిందువులు. మసీదు మెట్టెక్కి ఎరగరు. అయినా వాళ్ల చావిట్లో ఇత్తడి హస్తాల పీర్లున్నాయి, ఏటా వాటిని ఎత్తుకుంటారు, హుస్సేన్ గారి దాహం మీద తెలుగులో పాటలు పాడతారు. ఆ పాటలు ఎలా వచ్చాయి, ఎవరు నేర్పారు, అదీ హైమకి కావలసింది. సంస్థవాళ్లకి నచ్చింది. నచ్చి ఒక్క షరతు పెట్టారు. ఊరివాళ్లు మనసారా ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు వాళ్ల నోటివెంట వినడానికే రజియా బానూ అనే ప్రొఫెసరమ్మ రైలెక్కి వచ్చింది.

ఇక కన్యాకుమారి చేసిన పని మీకు తెలిసిందే. పోయినవారం రానివాళ్ల కోసం ఒక్క ముక్క. కోడలు అసలు ఆ రేవులో ఎవర్ని కలుస్తోందో చూద్దామని, హైమకి చెప్పకుండా, ఒంటరిగా ఆటో కట్టించుకుని కొత్తరేవు వెళ్లింది. వట్టి చేతుల్తో వెళ్తే బాగుండదని పచ్చగుడ్డ తాను ఒకటి సంచిలో పెట్టుకుంది. ఆవేళ పీర్లని చింతపండుతో తోమి చాప మీద ఆరబెట్టారు. ఈవిడ అందర్నీ పలకరించి, పీరుకి గుడ్డ మొక్కుకున్నానని చెప్పి, ఇచ్చి వచ్చేసింది. వస్తూ వస్తూ, “నేను వచ్చినట్టు మా కోడలికి చెప్పకండి” అని కూడా చెప్పింది. ఊరంతా నోరు మెదపకుండా నిలబడి చూశారు. ఎంత మర్యాదస్తులో అనుకుంది.

ఆ మరునాటినుంచే కొత్తరేవులో హైమని పలకరించేవాళ్లు కరువయ్యారు.

“నాకు తెలుసత్తా, ఇది ఎవరి పనో” అంది హైమ, ఫోను కిందికి దించి.

కన్యాకుమారి మూత మీద చెయ్యి తియ్యలేదు. “ఎవరిది?”

“బావదే. మొదట్నుంచీ బావకి నేను హైదరాబాదు వెళ్లడం ఇష్టం లేదు. మొన్న రేవులో చేపల లారీ వాళ్లతో మాట్లాడొచ్చానన్నాడు చూడు, అప్పుడే ఏదో అనుంటాడు.”

“వాడలాంటివాడు కాడే.”

“మరెవరు? ఊళ్లోవాళ్లకి నా మీద ఉత్తినే కోపం వస్తాదా? గున్నమ్మ నాకు పాట నేర్పుతూ నేర్పుతూ మధ్యలో లేచి వెళ్లిపోయింది. రెండురోజుల్నుంచీ బావ నా కళ్లలోకి చూడడం లేదు.”

నువ్వు రెండురోజుల్నుంచీ వాణ్ణి కాల్చుకు తింటంటే ఎక్కడ చూస్తాడే, అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. కొడుకు మీద పడుతున్న నింద ఎదురుగా కనిపిస్తోంది. అది తన మీదికి తిప్పుకోవడానికి నోరు రాలేదు. అయినా నేనేం చేశానని, గుడ్డ పెట్టడం కూడా తప్పేనా అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

కింద కారు ఆగిన చప్పుడయింది.

రజియా బానూకి యాభై దాటి ఉంటాయి. నేత చీర, తలమీదుగా కొంగు, మెడలో కళ్లజోడు తాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, “నమస్కారమమ్మా, మీ ఇల్లు చల్లగుంది” అంటూ లోపలికి వచ్చింది. వెనకాల ఆనంద్‌కుమార్ సంచి పట్టుకుని నిలబడ్డాడు.

కన్యాకుమారి మంచినీళ్లు తెచ్చింది. స్టీలు గ్లాసుల్లో కాదు, పెళ్లిళ్లకి కొన్న కాగితం గ్లాసులో తెచ్చింది. రజియా బానూ గ్లాసుని చూసింది, కన్యాకుమారిని చూసింది, నీళ్లు మొత్తం తాగింది. హైమ మాత్రం తల దించుకుంది.

“మేడమ్, వాళ్లు వద్దన్నారు” అంది హైమ.

“వద్దన్నరా? ఎందుకు వద్దన్నరు?”

“చెప్పలేదు. ఇక్కడే ఎవరో వాళ్ల మనసు విరిచేశారు.”

ఆనంద్‌కుమార్ సంచి కింద పెట్టాడు. “నా వైపు చూసి అనకు హైమా. నేనక్కడ నీ పేరే ఎత్తలేదు.”

“ఎత్తకుండానే తాళాలు పడిపోయాయా బావా?”

“నువ్వెళ్లడం నాకిష్టం లేదు. ఆ మాట నీతోనే చెప్పాను. నీతో చెప్పిన మాట నీ వెనకాల ఇంకోలా చెప్తానా? అమ్మా, నువ్వైనా చెప్పు దీనికి.”

కన్యాకుమారి ఖాళీ కాగితం గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

హాల్లోంచి రజియా బానూ గొంతు నెమ్మదిగా వినిపిస్తోంది. “కొట్లాట తరవాత పెట్టుకుందురు. హైమా, వద్దనే హక్కు వాళ్లకుంది. ఎందుకు వద్దన్నరో అడిగి తెలుసుకునుడు మన పని. పోదాం. అప్పుడు కూడా వద్దంటే నేను అదే రాసుకుని సాయంత్రం బండికి పోత. నీ స్థానం ఇంకొకరికి పోతది. నా మీద కోపం పెట్టుకోవద్దు. వాళ్ల దేవుడి సంగతి వాళ్లకిష్టం లేకుండ రాస్తే అది చదువు కాదు, దొంగతనం.”

“సరే మేడమ్.”

“ఈ సాయంత్రం మొహర్రం నెలవంక కనపడితే పీర్లు లేస్తయి కదా. ఇంక రేపు లేదు, ఎల్లుండి లేదు.”

కన్యాకుమారి చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. “నేనూ వస్తాను” అంది.

“నువ్వెందుకమ్మా, దుకాణం?” అన్నాడు ఆనంద్‌కుమార్.

“దుకాణం ఎక్కడికీ పారిపోదు. నేను రాకూడదా?”

ఆ రాకూడదా అన్న తీరుకి కొడుకు సరేనని తలూపాడు.

దుకాణం పని చక్కబెట్టి బయల్దేరేసరికి మధ్యాహ్నం దాటింది. కారులో ఆవిడ ముందు సీట్లో కొడుకు పక్కన కూర్చుంది. వెనక హైమా, ప్రొఫెసరమ్మా. డ్రైవరు కోసం పెట్టిన అద్దం కాస్త వంచితే వెనకవాళ్లు కనిపిస్తారని ఆవిడకి తెలుసు. వంచింది. ఆనంద్‌కుమార్ సరిచేసుకున్నాడు. ఊరు దాటాక మళ్లీ వంచింది.

“మొహ్సిన్ సాహెబ్ నీకు దువాలు, దీవెనలు చెప్పమన్నరు” అంటోంది రజియా బానూ. “మా నాన్నకి కూడా ఆయనే గురువు. ఈమధ్య కళ్లు కనపడక పుస్తకం ముక్కుకి ఆనించి చదువుతరు.”

కన్యాకుమారి చెవులు రిక్కించింది. ఇన్నాళ్లూ ఆ గొంతుకి నల్లటి మీసం పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడిగి, మనసులో ఎన్ని తిట్లు తిట్టిందో. ముసలాయనట. అయినా ఈవిడ చెప్తే నమ్మేయాలా, ఈవిడా వాళ్ల మనిషే కదా అనుకుంది.

“అన్నిటికన్న నన్ను పట్టుకున్నది నువ్వు పంపిన ఆ పాట” అంది రజియా బానూ. “మా గ్రంథాలల్ల నది ఉంటది. హుస్సేన్ పక్కనే నది, కాని తాగనియ్యరు. మీ గున్నమ్మ పాటల సముద్రం ఉన్నది. అది ఎట్ల వచ్చింది?”

“ఆవిడకి తెలిసిన నీళ్లు అవే మేడమ్. నాలుగు వైపులా నీళ్లున్నా గుక్కెడు తాగడానికి లేవని పాడుతుంది. ఆ రేవులో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పై ఊరికి నడిచేవాళ్లు. హుస్సేన్ గారి దాహం వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.”

“ఇది ఏ పుస్తకంల లేదు.”

“అందుకే నేను రాయాలి మేడమ్.”

అద్దంలో హైమ ముఖం కనిపించింది. చిన్నప్పుడు శృంగవరపుకోటలో సంత నుంచి జీళ్ల పొట్లం తెచ్చి చేతిలో పెడితే ఎలా ఉండేదో అలా ఉంది. కన్యాకుమారి చూపు తిప్పేసుకుంది.

సముద్రంలో చేపల వేట నిషేధం తీరిపోయింది కదా, కొత్తరేవు ఒడ్డున పడవలన్నీ కొత్తరంగులతో బారులు తీరి ఉన్నాయి. పెంకుల చావిడి, దాని ముందు పచ్చజెండా, తలుపుకి తాళం. నీడలో అప్పలసూరి వల సవరిస్తూ కూర్చున్నాడు. ఏటా పెద్దపీరు ఎత్తుకునేది అతనే. కారు చూసి లేచాడు. రజియా బానూకి రెండు చేతులూ జోడించాడు. ఆ వెనక దిగిన కన్యాకుమారిని చూసి చేతులు కిందికి దించేశాడు.

“ఎవులొచ్చినారో సూడే అమ్మా” అని ఇంట్లోకి కేక పెట్టాడు. “కొలతలమ్మ వొచ్చినాది.”

హైమ చటుక్కున అత్తవైపు తిరిగింది.

“కొలతలమ్మ ఏటి?” అన్నాడు ఆనంద్‌కుమార్.

“నీకు తెల్దేటి బాబూ? మీ యమ్మే గదా. మొన్న పీర్లు ఆరబెట్టిన్నాడు వొచ్చినాది. హైమమ్మ అత్తనన్నాది. సంచీలోంచి టేపు దీసినాది. మా పెద్దపీరుకి అడుగు కాడ్నించి సేతి ఏళ్ల సివరిదాకా కొలతేసినాది. అడ్డంగా కూడా ఏసినాది. అంకెలు నోటితో సదివినాది. అప్పుడు కత్తెర దీసి గుడ్డ కత్తిరించి, మడతెట్టి, పీరు మీద పెట్టినాది.”

“గుడ్డ పెడితే తప్పా?” అంది కన్యాకుమారి. “మేలురకం తాను తెచ్చాను.”

“గుడ్డ తప్పుగాదమ్మా. మా పీరుకి కట్టీ గుడ్డ సేత్తో సింపుతాం. సెయ్యెంత పోతే అంత. కత్తెర తగల్నియ్యం, కొలత ఎయ్యం. మావు మనిసిని నిలువునా కొలిసేది సచ్చిపోయినాకే. సచ్చిపోయినోడికే గుడ్డ కొలిసి కత్తిరిత్తాం. మా పీరు సచ్చిపోనాడా? మా యింట్లో తిరుగుతన్నాడు. ఆడికి పీనుగ్గుడ్డ కప్పి ఎల్లిపోనాది మీ యమ్మ.”

చుట్టూ ఆడవాళ్లు చేరారు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. అలా మాట్లాడకపోవడాన్నే ఆరోజు కన్యాకుమారి మర్యాద అనుకుంది.

“అంతేగాదు” అన్నాడు అప్పలసూరి. “పక్కూరి పాత రాతిబొమ్మకి ఇలగే ఎవులో వొచ్చి కొలతలేసుకున్నారు. మల్లొచ్చి లారీలో ఏసుకుపోనారు. యీయమ్మ కొలతేసి, కోడలికి సెప్పొద్దన్నాది. హైదరాబాదు నుంచి రాసీవోళ్లు వొత్తన్నారని హైమమ్మ సెప్పినాది. రెండూ కలుపుకున్నాం. పెట్టె సేయించడానికి కొలత తీసుకెల్లినారు, మా పీరుని అట్టుకుపోతారు అనుకున్నాం. మా బుర్రకి అదే తట్టినాది. తప్పయితే సెప్పండి.”

రజియా బానూ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. “మేము ఏదీ తీసుకుపోము బాబూ. పాట కూడా మీకిష్టమైతేనే వింటం. కాని మీరు అనుకున్నదాంట్ల తప్పు లేదు.”

ఇంట్లోంచి గున్నమ్మ వచ్చింది. అప్పలసూరి తల్లి, పాటల మనిషి, చావిడి తాళంచెవి ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే ఉంటుంది. వచ్చి కన్యాకుమారిని కింది నుంచి పైదాకా చూసింది.

“ఎందుకు కొలిసినావమ్మా?”

“గుడ్డ చాలకపోతే మాట వస్తాదని” అంది కన్యాకుమారి. “మా దుకాణంలో కొలవకుండా ఏదీ ఇవ్వం. కొలవకుండా ఇస్తే మోసం చేసినట్టు. నా పెళ్లయినప్పట్నుంచీ ఒక్కరికి జానెడు తక్కువ ఇచ్చి ఎరగను. తెలీదమ్మా నాకు మీ పద్ధతి.”

గున్నమ్మ ఆ మాటని కాసేపు నోట్లో నానబెట్టుకుంది. “నిజమే. నీ యాపారానికి కొలత మర్యాద. మా సావిట్లో కొలవకపోడం మర్యాద. తెలీక సేసినావు. దానికేటి, గుడ్డ గంగలో యిడిసేసినాం.” అంటూనే బొడ్లోంచి తాళంచెవి తీసి చావిడి తలుపు తెరిచింది. “లోనికి రా. నువ్వొక్కర్తివీ గాదు, అందరూ రండి. సెప్పులిప్పి రండి.”

లోపల ఊదు వాసన. గోడకి ఆనించి, మెడదాకా గుడ్డలు చుట్టి, పీర్లు నిలబడి ఉన్నాయి. ఇత్తడి హస్తాల వేళ్లు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి.

“యీడ నుంచుని ఎవులూ అబద్దమాడరు” అంది గున్నమ్మ. “గుడ్డ మాట అయిపోనాది. ఇప్పుడు సెప్పు. ఆయేల అసలెందుకొచ్చినావు? మొక్కుకుని రానేదు. మొక్కుకున్నోళ్ల కళ్లు పీరు మీదుంటాయి. నీ కళ్లు మా గుమ్మాల మీదున్నాయి.”

కన్యాకుమారి పీర్ల వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. హైమ వైపు చూడలేకపోయింది.

“నా కోడలు ఇక్కడ ఎవరితో తిరుగుతోందో చూద్దామని వచ్చాను.”

ఆ మాట ఆ చిన్న చావిట్లో ఎక్కడికీ పోలేదు. అక్కడే నిలబడింది.

“అమ్మా” అన్నాడు ఆనంద్‌కుమార్.

హైమ అత్తవైపు తిరిగింది. “రెండురోజులు బావని అనరాని మాటలన్నాను. నువ్వు పక్కనే ఉండి విన్నావు అత్తా. ఉప్మా కలుపుతూ విన్నావు.”

కన్యాకుమారి చెంగు భుజం మీదికి లాక్కుంది.

“పోనీ, సూసినావు గదా” అంది గున్నమ్మ. “ఆ పిల్ల నా కాడే కూకుంటాది. నా గొంతు బొంగురుపోతే నా వీపు రాత్తాది. ఇంకెవుల్తోనూ తిరగదు. ఇప్పుడు నీ అనుమానం తీరిందా?”

తీరింది అంటే చాలు. అందరూ దాని కోసమే చూస్తున్నారు. ఆ ఒక్క మాటతో హైమ పని అయిపోతుంది, ప్రొఫెసరమ్మ బండెక్కేస్తుంది, కొడుకు మళ్లీ తన ముఖం చూస్తాడు. కన్యాకుమారి నోరు తెరిచింది. ఇత్తడి వేళ్లు ఎదురుగా ఉన్నాయి.

“తీరలేదు” అంది.

ఆనంద్‌కుమార్ తల పట్టుకున్నాడు. గున్నమ్మ మాత్రం నవ్వింది. పళ్లు లేని నవ్వు.

“అద్గదీ. తీరిందంటే తలుపేసేద్దును. తీరనోళ్లకే సెప్పాల. ఇనుకో మరి. నెల పొడిసిన కాడ్నించి పీర్లు గంగకెల్లీదాకా నువ్వు యీ సావిట్లో ఉండు. ఆ పిల్ల పక్కనే కూకో. అది రాసింది సూడు, అది పాడింది ఇను, ఎవుల్తో మాటాడుతాదో అదీ సూడు. నువ్వుంటే ఆ పిల్ల రావొచ్చు, రాసుకోవొచ్చు. పీరు మీద కొలతేసిన సెయ్యి పీరు సేవ సేసినట్టూ ఉంటాది. నువ్వు నేకపోతే ఆ పిల్లా నేదు, రాతా నేదు.”

“ఆవిడ ఇక్కడ ఉండలేదు” అన్నాడు ఆనంద్‌కుమార్. “చేపల వాసనొస్తే అన్నం మానేస్తాది. ఇల్లు కదిలి ఎక్కడా పడుకోదు. దుకాణం ఎవరు చూస్తారు?”

“నువ్వు సూడు. మగోడివి గదా.”

ఆడవాళ్లు కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. రజియా బానూ వాచీ చూసుకుంది. “అమ్మా, బలవంతం లేదు. కాని జవాబు నాకిప్పుడే కావాలె. రాసుకుని పోవాలె నేను.”

కన్యాకుమారి ఆలోచించింది. పక్కింటి గోడకి ఆరేసిన ఎండుచేపల వాసన వస్తోంది. దుకాణంలో కొడుకు మీటరుకి ఎంత వదిలేస్తాడో అన్న బెంగ ఒకటి. ఇవన్నీ ఒక పక్క. ఇంకో పక్క, ఇంతకన్నా దగ్గరగా కోడల్ని కనిపెట్టి ఉండే అవకాశం జన్మలో రాదన్న ఆలోచన. దొడ్డ మనసుతో కాదమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. అనుమానమే ఆవిడని ఒప్పించింది.

“నా పక్క ఎక్కడ వెయ్యాలో చూపించు” అంది గున్నమ్మతో.

అప్పలసూరి భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, “అయితే మాకు ఇష్టవే మేడమ్ గారూ, రాసుకోండి” అన్నాడు. రజియా బానూ పెన్ను మూత తీసింది. ఆనంద్‌కుమార్ కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

“రాయకండి మేడమ్” అంది హైమ.

అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు. ఏడవడం లేదు. గొంతు కూడా పెంచలేదు.

“అత్త పాట వినడానికి ఉంటానంటే ఆవిడ కాళ్లు నేనే కడుగుతాను. నాకు కాపలా కాయడానికి ఉంటానంటే నాకీ అవకాశం వద్దు. ఇంట్లో మూడేళ్లు కాపలాలోనే ఉన్నాను. ఈ చావిడి ఒక్కటే మిగిలింది నాకు, తలుపు వెనక ఎవరూ చెవి పెట్టని చోటు.”

“పిచ్చిదానా, బంగారంలాంటి అవకాశమే” అన్నాడు ఆనంద్‌కుమార్. ఇన్నాళ్లూ వెళ్లొద్దన్నది వాడే.

“నీ మాటలు వింటూనే ఉన్నాను బావా. నిన్ను అన్న మాటలకి ఇంటికెళ్లాక నీకు క్షమాపణ చెప్పుకుంటాను. ఇది నాకూ అత్తకీ మధ్య.”

రజియా బానూ పెన్ను గాల్లోనే ఉంది. మూత పెట్టలేదు, కాగితానికి ఆనించనూ లేదు. “బండి టైముకి ఇంక ఎంతోసేపు లేదు హైమా.”

“తెలుసు మేడమ్.”

హైమ అత్త ఎదురుగా వచ్చి నిలబడింది. “చెప్పత్తా. ఎందుకుంటావు?”

కన్యాకుమారి ఆ పిల్ల కళ్లలోకి తిన్నగా చూసింది. ఇన్నేళ్లూ అద్దాల్లోంచీ, తలుపు సందుల్లోంచీ చూసిన ముఖం. ఉండొద్దంటోంది. ఎందుకు ఉండొద్దంటోంది? దాచుకునేది ఏదో ఉండబట్టి అంటోందా? దాచుకునేది ఏమీ లేని మనిషి కనుకే అంతమాట అనగలిగిందా? ఇక్కడ నిలబడి అబద్ధమాడకూడదు. నిజం చెప్తే కోడలు బతుకంతా ఎదురుచూసిన చదువు ఆ పెన్ను మూతతో పాటు మూసుకుపోతుంది.

బయట పిల్లలు అప్పుడే పడమటి దిక్కుకి వేళ్లు చూపిస్తూ, నెల కనపడుతుందా లేదా అని పందేలు వేసుకుంటున్నారు.

కన్యాకుమారి పెదవులు తడుపుకుంది.

ఇక్కడిదాకా బాగా గుర్తుపెట్టుకోండమ్మా. ఈవేళ రాలేనివాళ్లు మీ వీధిలో ఉంటే వాళ్లకి చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం అత్తది తప్పనో కోడలిది పొగరనో మీ సొంత మాట కలపకండి. ఎవరి నోటివెంట ఏ మాట వచ్చిందో ఆ మాటే చెప్పి, ఆవిడ పెదవులు తడుపుకున్న దగ్గర ఆపండి.